పక్కపక్క కణాలే – ఒకటి పోతుంది, ఒకటి నిలుస్తుంది
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం కార్యదర్శి నెల కింద ఫోన్ చేసి, "నువ్వు నరాల డాక్టరువి కదా, పక్షవాతం గురించి ఒక అరగంట మాట్లాడు. కానీ ఉప్పు తగ్గించండి, పొద్దున్నే నడవండి అని మాత్రం చెప్పకు, అది వాట్సాప్‌లో రోజూ వస్తనే ఉంది" అన్నాడు. సరే అన్నాను. అందుకని మీకు ఎవరూ వాట్సాప్‌లో పంపని సంగతి ఒకటి తీసుకొని వచ్చాను. కొంచెం సైన్స్ ఉంటుంది. మా బయాలజీ సార్ ఎదురుగానే కూర్చున్నారు కాబట్టి తప్పు చెప్తే ఇక్కడే నిలబెట్టి చెవి పట్టుకుంటారు. ఆ భయంతోనే మాట్లాడుతున్నాను.

మా బ్యాచ్ వాళ్లం అందరం అరవై దాటాం. ఇప్పటికే నలుగురికి పక్షవాతం వచ్చింది. అందులో ఒకతని ఇంటికి వెళ్లినప్పుడు వాళ్లావిడ నన్ను ఒక ప్రశ్న అడిగింది. "అన్నా, ఈయనకు కుడి చెయ్యి లేవది, మాట ముద్దముద్దగ వస్తది. కానీ మిల్లుల పనిచేసినోళ్ల పేర్లు, ఏ షిఫ్టుల ఎవరు ఉండిరి, అన్నీ గుర్తున్నయ్. తలకాయ ఒక్కటే కదా. కొన్ని పోయి కొన్ని ఎట్ల మిగిలినయ్?"

మెడికల్ కాలేజీలో పరీక్షకులు కూడా నన్ను ఇంత మంచి ప్రశ్న అడగలేదు. దీనికి రెండు జవాబులున్నాయి. మొదటిది తేలిక. మెదడుకు రక్తం ఒక్క కాలువలో రాదు, చాలా పాయలుగా వస్తుంది. ఏ పాయ మూసుకుపోతే ఆ పాయ కింది పొలమే ఎండుతుంది. చేతికి, మాటకు సంబంధించిన భాగం ఒక పాయ కింద ఉంటుంది, పాత సంగతులు దాచుకునే భాగాలు వేరే పాయల కింద ఉంటాయి. మీవారికి మొదటిది మూసుకుంది చెల్లె, అంతే, అని చెప్పాను. ఆమె ఒప్పుకుంది.

రెండో జవాబు ఆమెకు చెప్పలేదు. అది కాస్త పొడుగు. ఒకే పాయ కింద, ఒకే చోట, పక్కపక్కనే ఉన్న రెండు కణాల్లో కూడా ఒకటి చచ్చిపోయి ఇంకొకటి బతుకుతుంది. రెండింటికీ రక్తం ఒకేసారి ఆగింది. రెండింటి మీదా ఒకే దెబ్బ పడింది. మరి ఈ తేడా ఎందుకు? ఇవాళ చెప్పాలనుకున్నది ఇదే.

మన ప్రాంతంలో బొగ్గుబావి సంగతి తెలియనివాళ్లు ఉండరు. గోలేటి, బెల్లంపల్లి వైపు మన చుట్టాలు, మిత్రులు ఎంతో మంది బావుల్లో దిగినవాళ్లే. బావిలో ఊట నీరు ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. పంపులు ఎప్పుడూ తోడుతూనే ఉంటాయి. కరెంటు పోయి పంపులు ఆగితే బావిలోకి నీళ్లు కొత్తగా ఎవరూ వదలక్కర్లేదు, ఉన్న ఊటే ముంచేస్తుంది. మెదడు కణం సరిగ్గా అట్లాంటి బావి. దాని గోడల్లోంచి సోడియం, కాల్షియం ఎప్పుడూ లోపలికి ఊరుతుంటాయి. పంపులు బయటికి తోడుతుంటాయి. మన శరీరం బరువులో మెదడు రెండు శాతం. కానీ మనం పీల్చే ఆక్సిజన్‌లో ఇరవై శాతం దానికే కావాలి. ఆ ఖర్చులో పెద్ద వాటా ఆలోచనలకు కాదు, ఈ పంపులకు పోతుంది.

ఆ పంపులను నడిపే కరెంటు పేరు ఏటీపీ. కణాల్లో ఈ పదార్థం ఉందని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కనిపెట్టినవాడు మన తెలుగువాడు, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు. అంతకు రెండేళ్ల ముందే, 1927లో, ఫాస్ఫోక్రియాటిన్ అనే ఇంకో పదార్థాన్ని కూడా ఫిస్కే, సుబ్బారావులే బయటపెట్టారు. ఏటీపీ తగ్గినప్పుడు కాసేపు ఆదుకునే బ్యాటరీ లాంటిది అది. మనకు పాఠంలో ఏటీపీ వచ్చింది గానీ సుబ్బారావు పేరు వచ్చినట్టు నాకు గుర్తులేదు. ఇప్పటి పిల్లల పుస్తకాల్లోనైనా ఉంటే సంతోషం.

రక్తం ఆగిన కొన్ని నిమిషాల్లో ఏటీపీ అడుగంటుతుంది. పంపులు ఆగుతాయి. ఇక్కడిదాకా ఎవరైనా ఊహిస్తారు. ఊహించనిది దీని తరువాత జరిగేది.

మెదడు కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాషలో ముఖ్యమైన మాట గ్లుటమేట్. ఒక కణం కొద్దిగా గ్లుటమేట్ వదిలితే పక్క కణం మేలుకుంటుంది. వదిలిన గ్లుటమేట్‌ను చుట్టుపక్కల ఉండే ఆస్ట్రోసైట్లు అనే సహాయక కణాలు వెంటనే ఊడ్చేస్తాయి. బయట ఉండే గ్లుటమేట్ కంటే కణాల లోపల దాచిపెట్టింది వేల రెట్లు ఎక్కువ. పంపులు ఆగగానే ఆ కట్ట తెగుతుంది. గ్లుటమేట్ బయటికి పొర్లుతుంది. ఊడ్చే యంత్రాలు కూడా కరెంటు లేక ఆగిపోతాయి, పైగా వెనక్కి తిరిగి అవే కక్కుతాయి. మేల్కొలపాల్సిన మాట ఇప్పుడు ఆగకుండా చెవిలో అరుస్తున్నట్టు అవుతుంది. తలుపులన్నీ తెరుచుకుంటాయి. ఒక రకం తలుపుకు మామూలుగా మెగ్నీషియం బిరడా ఉంటుంది. ఈ గందరగోళంలో అది కూడా ఊడిపోతుంది. కాల్షియం వరదలా లోపలికి వస్తుంది. చిటికెడు కాల్షియం కణానికి సంకేతం, వరదైతే విషం. కణంలో ఉన్న కోత ఎంజైములన్నీ లేచి కణాన్నే కోసుకుంటాయి.

అంటే పక్షవాతంలో కణాలు ఆకలితో మాత్రమే చావవు. అతిగా రెచ్చగొట్టబడి చస్తాయి.

ఈ సంగతి బయటపడిన తీరు చిత్రమైనది. 1957లో లూకాస్, న్యూహౌస్ అనే ఇద్దరు ఎలుక పిల్లలకు గ్లుటమేట్ ఎక్కించి చూస్తే, కంటి రెటీనాలో లోపలి పొరల కణాలు నాశనమయ్యాయి. వెలుతురును పట్టుకునే కణాలు మాత్రం నిలిచాయి. 1969లో జాన్ ఓల్నీ అదే పనిని మెదడు మీద చేసి, అక్కడా కొన్ని చోట్ల కణాలు చచ్చిపోవడం చూశాడు. తరువాత అతనే దీనికి ఎక్సైటోటాక్సిసిటీ అని పేరు పెట్టాడు. మనం అతి ఉత్తేజపు దెబ్బ అనుకోవచ్చు. ఇంకో వింత ఏమిటంటే, దెబ్బ తగిలిన చోట కణాలు పోయాయి గానీ, దూరం నుంచి వచ్చి ఆ చోటు మీదుగా వెళ్లే నరాల తీగలు చెక్కుచెదరలేదు. తీగకు ఆ తలుపులు లేవు మరి. అంటే మొదటి రోజు నుంచే ఈ కథలో చచ్చినవాటి పక్కన బతికినవి ఉన్నాయి.

మీలో కొందరి మొహాలు చూస్తుంటే తెలుస్తోంది, ఫ్రైడ్ రైస్‌లో వేసే అజినోమోటో ఇదే కదా అని. అవును, అది సోడియం గ్లుటమేటే. కానీ తిన్న గ్లుటమేట్‌ను పేగులు, కాలేయం చాలావరకు వాడేసుకుంటాయి, మిగిలిన దాన్ని మెదడు గుమ్మం దగ్గర ఉన్న అడ్డుగోడ ఆపుతుంది. సూదితో ఎలుక పిల్లకు ఎక్కించడం వేరు, బస్టాండు దగ్గర నూడుల్స్ తినడం వేరు. దాని ఉప్పూ నూనె సంగతి నేను మాట్లాడనని కార్యదర్శికి మాటిచ్చాను.

తిండితో మెదడు కణాలకు నిజంగా ఈ దెబ్బ తగిలిన ఉదాహరణ మాత్రం ఒకటుంది. దాని రహస్యం బయటపెట్టింది కూడా మనవాళ్లే. వార్ధా, ప్రాణహిత నదులు దాటి చంద్రపూర్, గడ్చిరోలి వైపు వెళ్తే లాఖోడీ అనే పప్పు పండిస్తారు. హిందీలో ఖేసారి. వానలు లేకపోయినా పండుతుంది. కరువు కాలంలో అన్నీ ఎండిపోతే అదొక్కటే మిగులుతుంది. జొన్న, గోధుమ లేక ఆ పప్పే రెండు మూడు నెలలు ప్రధానంగా తిన్నవాళ్లలో కొందరికి కాళ్లు బిగుసుకుపోయి, కత్తెర వేసినట్టు ఒకదానికొకటి అడ్డం పడి, కర్ర లేనిదే నడవలేని స్థితి వస్తుంది. అది ఇక తిరిగి రాదు. ఆంగ్లేయ అధికారి స్లీమన్ 1844లో అచ్చయిన తన పుస్తకంలో సాగర్ ప్రాంతంలో ఇట్లా కుంటివాళ్లైన పల్లెజనం గురించి రాశాడు. 1942లో యూరప్‌లో వాప్నియార్కా అనే నిర్బంధ శిబిరంలో యూదు ఖైదీలకు ఇదే గింజ పెట్టి వందల మందిని అవిటివాళ్లను చేశారు. ఖైదీల్లోనే ఉన్న డాక్టర్ ఆర్థర్ కెస్లర్ కారణం కనిపెట్టి, తినవద్దని వాళ్లకు చెప్పాడు. మన దేశంలో 1961లో ఈ పప్పు అమ్మకాన్ని నిషేధించారు. అయినా జీతానికి బదులు ఈ పప్పే కొలిచి ఇచ్చిన చోట్ల చాలా ఏళ్లు జబ్బు పోలేదు. కూలీ ఇవ్వాల్సినవాడు కాళ్లు తీసుకున్నాడన్నమాట. ఇది నాకు వైద్యం పాఠం కంటే సోషల్ పాఠంలా అనిపిస్తుంది.

ఆ గింజలో విషం ఏమిటో 1964లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎస్.ఎల్.ఎన్. రావు, పి.ఆర్. అడిగ, పి.ఎస్. శర్మ వేరుచేసి చూపారు. దాని పొట్టి పేరు బీటా ఓడాప్. ఓల్నీ పరిశోధన కంటే అయిదేళ్ల ముందు మాట ఇది. తరువాత తేలిందేమిటంటే, ఈ ఓడాప్ గ్లుటమేట్‌కు వేషం వేసుకున్న తమ్ముడు. గ్లుటమేట్ తెరిచే తలుపుల్లో ఆంపా అనే రకం తలుపును ఇదీ తెరుస్తుంది. పక్షవాతంలో కొన్ని గంటల్లో జరిగే దెబ్బ, ఇక్కడ నెలల తరబడి చిన్నచిన్నగా పడుతుంది.

రావు గారు ఆ తరువాత ఉస్మానియా యూనివర్సిటీ బయోకెమిస్ట్రీ విభాగంలో చాలా కాలం దీని మీదే పనిచేశారు. 2004లో ఉస్మానియా నుంచి వచ్చిన పరిశోధన పత్రం ఒకటి నాకు చాలా ఇష్టం. మనుషులు ఈ పప్పు తిన్నాక మూత్రంలో ఓడాప్ ఎంత బయటికి వస్తోందో కొలిచారు. చాలా తక్కువ వచ్చింది. అంటే మన ఒళ్లు దాన్ని చాలావరకు లోపలే విరిచేస్తోంది. అన్ని వేల మంది తింటే కొందరికే కాళ్లు పోవడానికి ఇది ఒక కారణం కావచ్చని వాళ్లు చెప్పారు. హైదరాబాద్‌లోనే తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు, అంతకు చాలా ముందే, వేడి నీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే విషం చాలావరకు పోతుందని చూపించారు.

ఇప్పుడు మా మిత్రుడి భార్య ప్రశ్నను ఇక్కడ పెట్టండి. రక్తం ఆగడం లేదు, పాయ మూసుకోవడం లేదు. విషం మెదడంతటికీ ఒకేలా వెళ్లింది. కానీ పోయింది కాళ్లను నడిపే కణాల దారి ఒక్కటే. ఆ మనిషికి తెలివి అట్లాగే ఉంటుంది, కళ్లు తిరుగుతాయి, మాట స్పష్టంగా ఉంటుంది, చేతులు చాలావరకు పనిచేస్తాయి. ఇక్కడ మొదటి జవాబు పనిచేయదు. కణం రకంలోనే తేడా ఉందని ఒప్పుకోక తప్పదు.

ఆ తేడా ఏమిటో బాగా కనిపించే చోటు హిప్పోకాంపస్. కొత్త జ్ఞాపకాలు రాసుకునే భాగం, చెవి వెనక లోతున ఉంటుంది. అందులో సీఏ1, సీఏ3, డెంటేట్ జైరస్ అని మూడు వీధులున్నాయి అనుకోండి, మన మిల్లు క్వార్టర్లలో లైన్లలాగా. 1982లో జపాన్ శాస్త్రవేత్త కిరినో, జెర్బిల్ అనే ఎడారి ఎలుకకు అయిదు నిమిషాలు మెదడు రక్తం ఆపి మళ్లీ వదిలాడు. మొదటి రోజు చూస్తే అన్ని వీధులూ బాగున్నాయి. నాలుగో రోజుకు సీఏ1 వీధి ఖాళీ. పక్కన సీఏ3, డెంటేట్ చాలావరకు నిలిచాయి. మనుషుల్లో కూడా గుండె ఆగి మళ్లీ కొట్టుకున్నవాళ్లలో కొందరు లేచి కూర్చుంటారు, మనల్ని గుర్తుపడతారు, కానీ పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. వాళ్లలో సీఏ1 దెబ్బతిని ఉండే అవకాశం ఎక్కువ.

ఎందుకు? ఇప్పటికి తెలిసిన కారణాల్లో నాకు అన్నిటికంటే అందంగా అనిపించేది తలుపు గడియ సంగతి. ఇందాక చెప్పిన ఆంపా తలుపు నాలుగు చెక్కలతో తయారవుతుంది. అందులో గ్లూ-ఏ2 అనే చెక్క ఒకటి ఉంటే ఆ తలుపులోంచి సోడియం వస్తుంది గానీ కాల్షియం రాదు. ఆ చెక్కలో ఒకే ఒక్క అమినో ఆమ్లం మారడం వల్ల ఈ గుణం వస్తుంది. వేల అక్షరాల పుస్తకంలో ఒక్క అక్షరం. రక్తం ఆగి తిరిగి వచ్చాక, సీఏ1 కణాలు చచ్చిపోయే ముందే ఈ గ్లూ-ఏ2 తయారీ తగ్గిపోతుంది. డెంటేట్ కణాల్లో అట్లా తగ్గదు. గడియ ఉన్న ఇల్లు నిలిచింది, గడియ ఊడిన ఇంట్లోకి వరద వచ్చింది. కాళ్లూ చేతులూ కదిలించే వెన్నుపాము మోటార్ న్యూరాన్లలో కూడా ఈ చెక్క తక్కువ అని చాలా పరిశోధనలు చెప్తున్నాయి. కంటిగుడ్డును తిప్పే కణాలు మాత్రం మోటార్ న్యూరాన్ జబ్బులో చివరిదాకా పనిచేస్తాయి. కాళ్లూ చేతులూ పడిపోయిన మనిషి కంటి సైగలతో మాట్లాడటం మీరు సినిమాల్లోనైనా చూసి ఉంటారు.

రెండో కారణం, లోపలికి వచ్చిన కాల్షియాన్ని పట్టుకొని మూటగట్టే ప్రోటీన్లు. కాల్‌బిండిన్, పార్వాల్‌బుమిన్ అని వాటి పేర్లు. ఇవి పుష్కలంగా ఉన్న కణాలు ఎక్కువ తట్టుకుంటాయని ఒకప్పుడు గట్టిగా అనుకున్నారు. కంటిని తిప్పే కణాల్లో ఇవి ఉన్నాయి కూడా. కానీ ఈ లెక్క అన్ని చోట్లా కుదరలేదు. ఇవి ఉండి చచ్చిన కణాలున్నాయి, లేకుండా బతికినవీ ఉన్నాయి. కాబట్టి గోదాము ఒక్కటే కాపాడుతుందని నేను నమ్మను.

మూడోది అన్నిటికంటే విచిత్రం. మెదడు లోతున స్ట్రయేటమ్ అనే భాగంలో నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే కణాలు అక్కడక్కడా ఉంటాయి. అతి ఉత్తేజంలో ఆ వాయువు మితిమీరి, విషంగా మారి ఇరుగు పొరుగును కాలుస్తుంది. కానీ దాన్ని తయారుచేసే కణాలకు ఏమీ కాదు. పక్షవాతంలోనూ నిలుస్తాయి, హంటింగ్టన్ జబ్బులోనూ నిలుస్తాయి. వాటిలో మాంగనీస్ ఉన్న ఒక రక్షక ఎంజైము ఎక్కువగా ఉండటం ఒక కారణమని 1998లో చూపించారు. నిప్పుతో పనిచేసే కమ్మరి చేతికి కాపు కాసినట్టు, రోజూ నిప్పు తయారుచేసే కణం తన ఒంటికి ముందే కవచం కట్టుకుంది.

ఇవన్నీ పుట్టుకతో వచ్చిన బలాలు. మరి బలం కొత్తగా రాదా? వస్తుంది. 1990లో కిటాగావా బృందం జెర్బిల్‌కు ముందు రెండు నిమిషాలు మాత్రం రక్తం ఆపి వదిలేసింది. ఒకటి రెండు రోజులు ఆగి అయిదు నిమిషాలు ఆపింది. ఇందాక చచ్చిపోయిన సీఏ1 కణాలే ఈసారి చాలావరకు బతికాయి. చిన్న దెబ్బ పెద్ద దెబ్బకు తయారు చేసింది. అయితే దయచేసి ఒక్క మాట. చెయ్యి కాసేపు మొద్దుబారి పది నిమిషాల్లో సర్దుకుంటే, మెదడుకు వ్యాయామం అయిందిలే అనుకొని ఇంట్లో కూర్చోకండి. దాన్ని టీఐఏ అంటాం. దాని తరువాతి కొద్ది రోజుల్లోనే అసలు పక్షవాతం వచ్చే ప్రమాదం ఎక్కువ. ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఎందుకంటే దీంతోనే మందుల కథ ముడిపడి ఉంది. 2002లో హార్డింగమ్, బాడింగ్ అనేవాళ్లు ఒక మంచి సంగతి చూపారు. గ్లుటమేట్ తలుపు ఒకటే అయినా, అది రెండు కణాల కూడలిలో ఉంటే, దాని ద్వారా వచ్చే సంకేతం కణాన్ని బతికించే జన్యువులను లేపుతుంది. అదే తలుపు కూడలికి బయట, గోడ పక్కన ఉంటే చావు దారి తీస్తుంది. ఒకే మాట గుమ్మం దగ్గర చెప్తే పలకరింపు, కిటికీలోంచి అరిస్తే బెదిరింపు.

ఇప్పుడు ఆలోచించండి. గ్లుటమేట్ వల్ల చస్తున్నాయి కాబట్టి గ్లుటమేట్ తలుపులన్నీ మూసేసే మందు ఇస్తే సరిపోతుంది కదా? 1990లలో కంపెనీలు ఇదే చేశాయి. ఎలుకల్లో అద్భుతంగా పనిచేసిన మందులు మనుషుల్లో ఒక్కటీ నిలబడలేదు. సెల్ఫోటెల్ అనే మందు మీద పెద్ద పరీక్షను మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. మేలు కంటే కీడు ఎక్కువేమో అన్న అనుమానంతో. ఎలుకకు మందు నిమిషాల్లో ఇస్తారు. మనిషికి గంటల తరువాత ఇచ్చారు, అప్పటికి వరద వచ్చి వెళ్లిపోయింది. పైగా అన్ని తలుపులూ మూస్తే బతికించే పలకరింపు కూడా ఆగిపోతుంది. తలుపును మూయకుండా, చావు సంకేతాన్ని మాత్రం లోపల తెంపే నెరినెటైడ్ అనే మందు మీద 2020లో ఫలితాలు వచ్చాయి. రోగులందరినీ కలిపి చూస్తే మేలు తేలలేదు. ఈ దారిలో పని ఇంకా జరుగుతోంది. నా రిటైర్మెంటు లోపల వస్తుందని ఆశ ఉంది, నమ్మకం ఉందని మాత్రం చెప్పను.

ఇక మన ఊరి సంగతి. తట్టుకునే కణం కూడా రక్తం లేకుండా ఎంతోసేపు తట్టుకోదు. దాని బలమంతా మనకు కొంత గడువు ఇవ్వడానికే. మూసుకున్న పాయ నడిమధ్య ఉన్న కణాలు నిమిషాల్లో పోతాయి. చుట్టూ అంచున ఉన్న కణాలు పక్క పాయల నుంచి కొద్దిగా రక్తం అందుకుంటూ, పని మానేసి, ఊపిరి బిగబట్టి గంటల తరబడి ఉంటాయి. పెద్ద రక్తనాళం మూసుకుంటే సగటున నిమిషానికి 19 లక్షల న్యూరాన్లు పోతాయని 2006లో జెఫ్రీ సేవర్ లెక్కగట్టాడు. గడ్డను కరిగించే ఇంజెక్షన్ 4.5 గంటల లోపల పడాలి. తొడ దగ్గర నుంచి తీగ పంపి గడ్డను లాగేసే పద్ధతికి మామూలుగా 6 గంటలు, స్కాన్‌లో అంచు ఇంకా బతికి ఉందని తేలితే కొందరికి 24 గంటల దాకా కూడా అవకాశం ఉంది.

కాగజ్‌నగర్ నుంచి హైదరాబాద్ రైలులో ఐదారు గంటలు. రైలు టైముకు వస్తే. ఇందాక చెప్పిన మా మిత్రుడికి పొద్దున ఏడింటికి మూతి వంకర పోయింది. ముందు పసరు పోయించారు. తరువాత ఒక చిన్న ఆసుపత్రిలో సెలైన్ పెట్టి, బీపీ ఎక్కువుందని నాలుక కింద గోలీ వేసి, సాయంత్రం దాకా ఉంచుకున్నారు. స్కాన్ లేదు. ఆ గోలీతో బీపీ ఒక్కసారి పడిపోతే అంచున ఊపిరి బిగబట్టిన కణాలకు వస్తున్న ఆ కాస్త రక్తం కూడా ఆగుతుంది. నా దగ్గరికి వచ్చేసరికి తెల్లారింది. అంచు మిగల్లేదు.

కాబట్టి మూతి వంకర, ఒక చెయ్యి జారిపోవడం, మాట తడబాటు, ఈ మూడింటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా వచ్చినా 108కి ఫోన్ చేయండి, మొదలైన టైము ఒక కాగితం మీద రాయండి. నిద్రలో వస్తే, చివరగా ఎప్పుడు బాగున్నారో ఆ టైము. నోట్లో నీళ్లు కూడా పోయకండి. ఆస్పిరిన్ ఇంట్లో వేయకండి. గడ్డ వల్ల వచ్చిందో, రక్తనాళం చిట్లి వచ్చిందో స్కాన్ తీస్తే తప్ప దేవుడికి కూడా తెలియదు. సంఘానికి ఒక విన్నపం. మంచిర్యాల, కరీంనగర్, చంద్రపూర్ ఈ మూడు వైపులా రాత్రి కూడా సీటీ స్కాన్ నడిచి, ఈ ఇంజెక్షన్ ఇచ్చే ఆసుపత్రులు ఏవో మనమే ఫోన్లు చేసి కనుక్కొని, ఒక కార్డు అచ్చు వేయించి సభ్యులందరికీ ఇద్దాం. ఏడాదికోసారి సరిచూద్దాం. అచ్చు ఖర్చు మా బ్యాచ్ పెట్టుకుంటుంది, ఇందాకే టీ దగ్గర ఒప్పించాను.

(ప్రసంగం తరువాత మా బయాలజీ సార్ లేచి ఒక ప్రశ్న అడిగారు: "బతికిన కణాలు ఉత్తగనే కూర్చుంటాయా, ఏమన్నా పనిచేస్తాయా?")

పనిచేస్తాయి సార్. పోయిన కణం తిరిగి రాదు గానీ, చుట్టూ నిలిచిన కణాలు కొత్త కొమ్మలు వేస్తాయి. చెయ్యి పనిని పక్క భాగం కొంత నేర్చుకుంటుంది. మొదటి మూడు నెలల్లో ఈ కదలిక ఎక్కువ. అందుకే ఆ మూడు నెలలు ఫిజియోథెరపీ మానకూడదు. విచిత్రం ఏమిటంటే, ఈ నేర్చుకోవడానికి వాడే మాట కూడా గ్లుటమేటే. మా మిత్రుడు ఇప్పుడు ఎడమచేత్తో పేర్లు రాస్తున్నాడు, మిల్లు షిఫ్టు రిజిస్టర్ లాగా వరుసగా. కుడిచెయ్యి బొటనవేలు మొన్న కదిలిందని వాళ్లావిడ వీడియో పంపింది.